వారానికి ఒక పెన్నీ

బ్రిస్టల్‌లో బ్రాడ్‌మీడ్ పేరున్న బజారు. చెప్పుల కొట్లు, ఫోన్ల కొట్లు, వేపుళ్ల వాసన, రెండు చేతులా సంచులతో జనం. ఆ వరసలో ఒక గేటు ఉంటుంది. హడావిడిలో ఉన్నవాడు దాన్ని చూడకుండానే దాటిపోతాడు. లోపలికి అడుగుపెడితే చిన్న వాకిలి, ఆ వెనక 1739లో మొదలెట్టిన ఓ కట్టడం. దానికి ఇప్పటికీ ‘న్యూ రూమ్’ అనే పేరు. రెండున్నర శతాబ్దాలు దాటినా కొత్తగదే! ప్రపంచంలో మెథడిస్టులు కట్టుకున్న మొట్టమొదటి మందిరం ఇదే. అవతలి వాకిట్లో గుర్రం మీద కంచు విగ్రహంగా కూర్చున్నాయన వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీ.

“అన్నా, ఈ ఊరొచ్చినవాళ్లంతా వేలాడే వంతెన చూస్తారు. నువ్వేమో ఈయన కోసం వచ్చావు” అన్నాడు మా పిన్ని కొడుకు. రీడింగ్ నుంచి నన్ను కారులో తెచ్చింది వాడే.

మెదక్ ప్రాంతంలో పెరిగిన వాణ్ణి. వెస్లీ పేరు నాకు ఇంగ్లండు పేరులా వినబడదు. సికింద్రాబాద్‌లో వెస్లీ బడి, వెస్లీ కాలేజీ, వెస్లీ చర్చి ఉన్నాయి. అన్నిటికంటే ముందు మా మెదక్ చర్చి ఉంది. దాని గోపురం దాదాపు 175 అడుగులు. పొలాల్లోంచి మైళ్ల దూరం కనిపిస్తుంది. కట్టించినాయన ఛార్లెస్ వాకర్ పోస్నెట్, వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పని చూపించి అన్నం పెట్టిన కట్టడమని మా పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు. అయినా క్రిస్మస్‌కి చర్చి చూడ్డానికి పోవడం జాతరకు పోవడమంత మామూలు. అంత పెద్ద చర్చి వెనక ఉన్న మనిషి ఎక్కడ మొదలయ్యాడో చూద్దామన్న కోరిక చాలా ఏళ్లుగా ఉంది. అందుకే వంతెన మర్నాటికి వాయిదా పడింది.

లోపల పెద్ద ఆడంబరం ఏమీ లేదు. సున్నం గోడలు, ముదురు చెక్క బల్లలు, ఒకదానిపై ఒకటిగా రెండంతస్తుల ప్రసంగ వేదిక. వెలుతురు ఎక్కువగా పైనుంచే వస్తుంది. కప్పు మధ్యలో ఎనిమిది పలకల అద్దాల గూడు ఉంది. పై అంతస్తులో బోధకులు కాపురముండే గదులు ఆ గూడు చుట్టూ ఉన్నాయి. పైన నిలబడి ఆ అద్దాల్లోంచి చూస్తే కింద ప్రసంగం చేసేవాడి నెత్తి కనిపిస్తుంది. కొత్త బోధకుడు ఏం మాట్లాడుతున్నాడో, జనం వింటున్నారో కునుకుతున్నారో పైనుంచే కనిపెట్టవచ్చన్నమాట. వెస్లీ స్వభావం సగం ఆ గూట్లోనే ఉందనిపించింది నాకు.

ఈయన బ్రిస్టల్ రావడం కూడా మొహమాటం మీద జరిగిందే. ఊరి పక్క కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గనులుండేవి. గనివాళ్లను చర్చి పట్టించుకోలేదు. 1739 ఫిబ్రవరిలో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే పాతికేళ్లు నిండని పాదిరి వాళ్ల దగ్గరికి పోయి ఆరుబయట నిలబడి బోధించాడు. నల్లటి చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు గీశాయని ఆయనే రాసుకున్నాడు. అమెరికా వెళ్లాల్సి వచ్చి, ఈ పని అందుకోమని ఆక్స్‌ఫర్డ్ నాటి మిత్రుడైన వెస్లీకి కబురుపెట్టాడు. వెస్లీకి ఆరుబయలు బోధ అంటేనే ఎబ్బెట్టు. చర్చి కప్పు కింద కాకుండా ఇంకెక్కడో ఆత్మల్ని రక్షించడం పాపమేమో అన్నంత ఆచారవంతుడు. అయినా 1739 ఏప్రిల్ 2 సాయంత్రం ఊరి చివర ఇటుకల ఆవం దగ్గర మిట్ట మీద నిలబడ్డాడు. సుమారు 3,000 మంది విన్నారు. ఆరు వారాలు తిరక్కుండానే, చేతిలో చిల్లిగవ్వ లేకుండా, ఈ కొత్తగదికి పునాది వేశాడు.

పునాది వేస్తే సరా? అప్పు మిగిలింది. నా మటుకు నాకు ఈ కథలో అసలు ఘట్టం ఆ అప్పే. 1742 ఫిబ్రవరి 15న ఆ బాకీ తీర్చే దారి వెతుక్కుంటూ ఇక్కడ కొందరు కూర్చున్నారు. ఫోయ్ అనే కెప్టెన్ ఒక ఉపాయం చెప్పాడు: మనలో ప్రతివాడూ వారానికి ఒక పెన్నీ ఇద్దాం. చాలామంది దగ్గర అదీ లేదు కదా అన్నారు. అయితే పదకొండు మంది అతి పేదవాళ్లను నా లెక్కలో వేయండి, వారం వారం నేనే వాళ్ల ఇళ్లకు పోతాను, ఇస్తే సరి, ఇవ్వలేకపోతే వాళ్ల పెన్నీ నేనే కడతాను అన్నాడు ఆయన. మిగతా వాళ్లూ అలాగే తలా ఒక పన్నెండు మందిని పంచుకున్నారు.

పెన్నీ కోసం గడప తొక్కినవాళ్లకు ఇళ్లలోని సంగతులు కంటబడ్డాయి. ఇక్కడ మొగుడు తాగి పెళ్లాంతో గొడవపడుతున్నాడు, అక్కడ జబ్బుతో మనిషి మంచం పట్టాడు. వాళ్లొచ్చి ఆ మాట చెప్పగానే, ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే కదా అని వెస్లీకి వెలిగింది. వసూలుకు వెళ్లే మనుషులే కాపరులయ్యారు. ఇల్లిల్లూ తిరగడం కష్టమై, పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట చేరడం మొదలైంది. దానికి ‘క్లాసు’ అని పేరు. మూణ్ణెల్లకోసారి టికెట్టు. నడవడి బాగుంటే కొత్త టికెట్టు, లేదంటే పేరు కొట్టేయడమే. లీడర్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

మన ఊళ్లలో పొదుపు సంఘం ఎలా నడుస్తుందో చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పదిమంది ఆడవాళ్లు, ఒక లీడరు, ఒక పుస్తకం, వారం వారం చిన్న మొత్తం. డబ్బు పోగవడం ఒక ఎత్తు. ఆ వంకన ఒకరి కష్టం ఒకరి చెవిన పడటం ఇంకో ఎత్తు. వెస్లీ చరిత్రలు రాసినవాళ్లంతా 1738 మే 24 దగ్గర ఆగి దండం పెడతారు. ఆ సంగతి లండన్ చేరాక చెబుతాను. నేను మాత్రం 1742 ఫిబ్రవరి 15కే ఓటు వేస్తాను. గొంతు సంగతే చూస్తే వైట్‌ఫీల్డ్ ముందు వెస్లీ ఏపాటి? అయినా వైట్‌ఫీల్డ్‌ను విన్నవాళ్లు విని ఇంటికి పోయారు. వెస్లీని విన్నవాళ్లు పన్నెండేసి మందిగా పుస్తకంలోకెక్కారు.

పైగదుల్లో ఇప్పుడు మ్యూజియం. ఆ రోజుల్లో ఈ కట్టడంలోనే పేదలకు మందులిచ్చారు, పిల్లలకు చదువు చెప్పారు. వెస్లీ 1747లో ‘ప్రిమిటివ్ ఫిజిక్’ అని ఒక చిట్కా వైద్యం పుస్తకం వేశాడు. ఆయన బతికుండగానే ఇరవైకి పైగా ముద్రణలు పడ్డాయి. బట్టతలకు అందులో చెప్పిన మందేమిటంటే, పొద్దునా సాయంత్రం చర్మం ఎర్రబడేదాకా ఉల్లిపాయతో రుద్ది, ఆపైన తేనె రాయడం. మా తమ్ముడు తన నుదురు ఒకసారి తడుముకుని, “ఈ ఉల్లిపాయ నూనె నేను ఆన్‌లైన్‌లో కొన్నాను కదన్నా” అన్నాడు.

బ్రిస్టల్ సంపదలో బానిస వ్యాపారం సొమ్ము చాలా ఉంది. ఇక్కడి ఓడలు ఆఫ్రికా మనుషుల్ని అమెరికాకు, కరీబియన్ దీవులకు మోసేవి. ఆ వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని 2020లో జనం పడగొట్టి రేవులోకి తోసింది ఈ ఊళ్లోనే. వెస్లీ 1774లో బానిసత్వం మీద సూటిగా ఒక పుస్తకం రాశాడు. బానిసను కొనేవాడి చేతికీ, అమ్మేవాడి చేతికీ అంటింది ఒకే నెత్తురని దాని సారం. 1788లో ఆ వ్యాపారపు ఊళ్లోనే, ఈ గదిలోనే నిలబడి దాని మీద ప్రసంగించాడు. మధ్యలో పెద్ద గలాటా జరిగి బల్లలు విరిగాయి. అదే వైట్‌ఫీల్డ్ జార్జియాలో బానిసల్ని పెట్టుకున్నాడు, అక్కడ బానిసత్వానికి చట్టం అనుమతి ఇవ్వాలని వాదించాడు కూడా. ఇద్దరూ ఒకే బైబిలు చదివినవాళ్లే.

లండన్‌లో సిటీ రోడ్డు మీద వెస్లీ చాపెల్ ఉంది. 1778 నవంబరు 1న తెరిచారు. పక్కనే ఆయన ఇల్లు, వెనకాల సమాధి. బాల్కనీకి దన్నుగా మొదట్లో పెట్టినవి ఓడ స్తంభాలు, మూడవ జార్జి రాజు ఇప్పించినవి. తరవాత విదేశాల్లోని మెథడిస్టులు రాతి స్తంభాలు పంపితే వాటిని మార్చారు. మార్గరెట్ థాచర్ పెళ్లి జరిగింది ఈ చాపెల్‌లోనే, 1951లో. ఇంకొకటి కూడా చెప్పాలి: ఇక్కడి మగవాళ్ల మరుగుదొడ్డి విక్టోరియా రాణి కాలం నాటిది. థామస్ క్రాపర్ కంపెనీ అమర్చినది అమర్చినట్టే ఉంది. దాన్ని చూడ్డానికే వచ్చేవాళ్లున్నారు. నేనూ చూశాను. శుభ్రంగా ఉంది.

ఇల్లు చిన్నది, నిలువుగా ఉంటుంది. ఇక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి రెండు వస్తువులు. ఒకటి కరెంటు యంత్రం. చెక్క బల్ల, దాని మీద గాజు స్తూపం, తిప్పడానికి పిడి. తిప్పితే పుట్టే విద్యుత్తును రోగులకు తగిలించి నొప్పులు తగ్గించాలని ప్రయత్నం. 1756 నుంచి పేదలకు ఉచితంగా ఈ చికిత్స చేయించాడు, 1760లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. మోక్షం గురించి మాట్లాడినంత నిబ్బరంగానే షాకుల గురించీ మాట్లాడగలడు. రెండోది పెద్ద టీ కూజా, వెడ్జ్‌వుడ్ తయారీ. గ్యాలన్ టీ పడుతుంది. ఇదే మనిషి 1746లో టీ మానేసి, తరవాత అందరినీ మానేయమని కరపత్రం రాశాడు. డబ్బు దండగ, నరాలకు చేటు అన్నాడు. పన్నెండేళ్ల తరవాత వైద్యుడు చెప్పాడని మళ్లీ మొదలెట్టాడు. ఆదివారం పొద్దున బోధకులంతా చేరితే ఆ కూజా కావల్సి వచ్చిందట.

డబ్బు విషయంలో మాత్రం సడలింపు లేదు. కుర్రతనంలో ఏడాదికి 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 పంచాడు. తరవాత 60 వచ్చినా 28తోనే బతికాడు, 120 వచ్చినా అంతే. పుస్తకాల మీద బాగా సంపాదించాడు, అంతా పంచేశాడు. 1791 మార్చి 2న ఈ ఇంట్లోనే, 87 ఏళ్ల వయసులో పోయాడు. దానికి ఆరు రోజుల ముందు పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశాడు. బానిస వ్యాపారాన్ని ఎదిరించే పని విడవద్దని అందులో సారాంశం. శవపేటికను మోసే ఆరుగురు పేదవాళ్లకు తలా ఒక పౌను ఇమ్మని వీలునామాలో ఉంది. గుర్రపు బండ్లూ నల్ల తోరణాలూ వద్దన్నాడు. జనం విరగబడతారని తెల్లవారుజామునే పూడ్చారు.

పాత లండన్ మ్యూజియం వాకిట్లో, ఆల్డర్స్‌గేట్ వీధి దగ్గర, జ్వాల ఆకారంలో ఒక కంచు గుర్తు చూశాను. 1738 మే 24 రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు ఈ చుట్టుపక్కలే ఒక ఇంట్లో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక చదువుతుంటే, వెస్లీ గుండెలో ఏదో వెచ్చన పుట్టింది. తన పాపాలు తుడిచిపెట్టుకుపోయాయని నమ్మకం కలిగింది. అంతకు ముందు మూడేళ్లలో ఆయన పడ్డ అవమానం తెలియకపోతే ఆ వెచ్చదనం విలువ తెలియదు.

1735లో అమెరికా మూలవాసులకు బోధిస్తానని జార్జియాకు ఓడెక్కాడు. సముద్రం మధ్య తుఫానులో ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే, మొరేవియన్ శాఖ క్రైస్తవులైన జర్మన్లు పిల్లాపాపలతో పాటలు పాడుకుంటూ కూర్చున్నారు. తనకు లేని ధైర్యం వాళ్లకెక్కడిదని వెస్లీ కుంగిపోయాడు. సవానా ఊళ్లో సోఫీ హాప్కీ అనే అమ్మాయి మీద మనసుపడ్డాడు, ఏ సంగతీ తేల్చలేదు. ఆమె విసిగి ఇంకొకర్ని చేసుకుంది. కొన్ని నెలలకు, ముందుగా కబురు చెప్పలేదనీ నడత సరిలేదనీ కారణాలు చూపి, ఆమెకు ప్రభు భోజనం నిరాకరించాడు. ఆమె దగ్గరి బంధువే ఆ ఊరి మేజిస్ట్రేటు. కేసులు పడ్డాయి. 1737 డిసెంబరులో ఒక రాత్రి పోటు చూసుకుని పడవెక్కి ఊరు దాటాడు. ఆడవాళ్ల విషయంలో ఈయనకు చివరిదాకా కలిసిరాలేదు. గ్రేస్ మర్రీని చేసుకుందామనుకుంటే తమ్ముడు ఛార్లెస్ అడ్డుపడి ఇంకొకరికిచ్చి పెళ్లి చేయించాడు. 1751లో చేసుకున్న మోలీ వజీల్‌తో కాపురం నిలబడలేదు. ఏడాది పొడుగునా గుర్రం మీద తిరిగేవాడికి ఇంట్లో వండి ఎదురుచూసేది ఎవరు? ఆయన గొప్పతనం చెప్పే పుస్తకాలు ఈ అధ్యాయాన్ని గబగబా దాటేస్తాయి. మోలీ వైపు నుంచి రాసినవాళ్లు తక్కువ.

తమ్ముడు ఛార్లెస్ పేరు మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు, పాట తెలుసు. డిసెంబరు వచ్చిందంటే తెలుగునాట ప్రతి చర్చిలో వినిపించే ‘దూత పాట పాడుడీ’కి మూలం ఆయన 1739లో అచ్చువేసిన కీర్తనే. మెదక్ చర్చి మెట్ల మీద కూర్చుని నేనది ఎన్నిసార్లు విన్నానో! 6,000కు పైగా కీర్తనలు రాశాడాయన. తనను అన్న కట్టిన సిటీ రోడ్డు చాపెల్ వెనక పూడ్చవద్దన్నాడు. బిషప్పు ప్రతిష్ఠించని నేల అని అభ్యంతరం. 1788లో మేరిల్‌బోన్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. అన్నదమ్ములిద్దరూ చచ్చేదాకా ఇంగ్లండు చర్చి పాదిరులమే అన్నారు. కాని అమెరికాలో గురువులు లేరని 1784లో అన్నగారు తానే కొందరికి అభిషేకం చేసి పంపాడు. ఆ పని బిషప్పులది. వేరు కాపురం వద్దంటూనే వేరే పొయ్యి రాజేశాడు. పోయేనాటికి బ్రిటన్, ఐర్లండ్‌లలో సభ్యులు సుమారు 70 వేలు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి 8 కోట్లకు అటూ ఇటూ అంటారు. మన దగ్గర మాత్రం కథ ఇంకో మలుపు తిరిగింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్లూ ఆంగ్లికన్లూ అందులో కలిసిపోయారు. ఇంగ్లండులో విడిపోయినవాళ్లు మెదక్‌లో ఒకటయ్యారు. చర్చి గేటు మీద సి.ఎస్.ఐ. అని ఉండేది అందుకే.

లండన్‌లో వెస్లీ చాపెల్ ఎదుట రోడ్డు దాటితే బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానం. ‘యాత్రికుని ప్రయాణము’ రాసిన బన్యన్, రాబిన్సన్ క్రూసో కథ రాసిన డీఫో, కవి బ్లేక్ అంతా ఇక్కడే. వెస్లీ తల్లి సుజానా కూడా. 1742 జులైలో పోయింది. ఆ పేరు వెంట పట్టుకుని వెస్లీ పుట్టిన ఊరు ఎప్‌వర్త్ బయలుదేరాను.

డాంకాస్టర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. లింకన్‌షైర్‌లో ఈ భాగం ఒకప్పుడు నీళ్లలో నానే బాడవ నేల. 1620లలో డచ్చి ఇంజినీరు వెర్ముయిడెన్ కాలవలు తవ్వించి ఎండగట్టాడు. ఉమ్మడి బీళ్లు పోయిన రైతులు తరాల తరబడి కక్షగట్టారు. అలాంటి ఊరికి పాదిరిగా వచ్చినాయన వెస్లీ తండ్రి శామ్యూల్. పండితుడు, మొండివాడు, అప్పులపాలు. బాకీ కింద 1705లో లింకన్ కోట జైల్లో కూర్చున్నాడు. ఒకసారి రాజు విలియం కోసం ప్రార్థన చేస్తే భార్య ఆమెన్ అనలేదు. సుజానా దృష్టిలో అతను అసలు రాజే కాడు. ఇద్దరు రాజులుంటే రెండు మంచాలుండాలని శామ్యూల్ ఇల్లు విడిచిపోయాడు. 1702లో విలియం పోయి ఆన్ రాణి వచ్చింది, ఆమె విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. మొగుడు తిరిగొచ్చాడు. మర్సటేడు జూన్‌లో జాన్ పుట్టాడు, పదిహేనో కాన్పు. మొత్తం పందొమ్మిది మంది, సగం మంది చేతికందలేదు.

పాత ఇల్లు 1709 ఫిబ్రవరి 9 రాత్రి తగలబడింది. అయిదేళ్ల జాన్ మేడ మీద చిక్కుకున్నాడు. ఒకడి భుజాల మీద ఒకడు నిలబడి కిటికీలోంచి లాగిన మరుక్షణం కప్పు కూలింది. ఇప్పుడు చూస్తున్న ఎర్ర ఇటుకల ఇల్లు ఆ తరవాత కట్టింది. నాకు నచ్చింది వంటిల్లు. రాతి పలకల నేల, పెద్ద పొయ్యి. 1711-12 చలికాలంలో శామ్యూల్ లండన్‌లో ఉండగా, సుజానా ఆదివారం సాయంత్రాలు పిల్లలకు ప్రసంగం చదివి వినిపించేది. పనివాళ్లు వచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు, చివరికి 200 మంది దాటారు. ఆడది సభ జరపడమేమిటని చర్చిలో ఉన్న కురేటు, అంటే సహాయ పాదిరి, ఫిర్యాదు రాశాడు. మొగుడు మానేయమని ఉత్తరం రాస్తే ఆవిడ ఇచ్చిన జవాబు గట్టిది. మానేయాలని కోరడం కాదు, ఆజ్ఞ రాతపూర్వకంగా పంపండి, రేపు దేవుడి ముందు లెక్క చెప్పాల్సింది మీరే అప్పుడు. శామ్యూల్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. క్లాసుల్లో ఆడ లీడర్ల మాట ఎక్కడిదా అనుకునేవాళ్లు ముందు ఈ వంటింట్లో నిలబడాలి.

సెయింట్ ఆండ్రూస్ చర్చి ఊరికి కాస్త ఎత్తున ఉంది. దక్షిణం గోడ పక్కనే శామ్యూల్ సమాధి, బల్లలా పరిచిన రాయి. 1742 జూన్‌లో జాన్ సొంతూరికి వచ్చి, ఆదివారం ప్రార్థనకు సాయం చేయనా అని అక్కడి పాదిరి రోమ్లీని అడిగాడు. శామ్యూల్ వల్ల ఎంతో మేలు పొందినవాడు ఈ రోమ్లీ. అక్కర్లేదన్నాడు. సరేనని జాన్ సాయంత్రం ఆరింటికి తండ్రి సమాధి రాయి మీదికెక్కి నిలబడి బోధించాడు. ఎప్‌వర్త్‌లో అంతమంది జనాన్ని ఎప్పుడూ చూడలేదట. ఆ వారమంతా సాయంత్రాలు అదే రాయి మీద నిలబడ్డాడు. చర్చి లోపల చోటిచ్చి ఉంటే అందులో పదోవంతు మంది కూడా వినేవాళ్లు కారేమో.

మళ్లీ 1743 జనవరి 2న వచ్చాడు. అది ప్రభు భోజనపు ఆదివారం. పక్క ఊళ్ల నుంచి వచ్చిన శిష్యులు తామూ పాల్గొనవచ్చా అంటే, రోమ్లీగారిని అడగండన్నాడు వెస్లీ. ఒకతను పోయి అడిగాడు. వెస్లీకి నేను ప్రభు భోజనం ఇవ్వను, అతను అందుకు తగినవాడు కాడు అని రోమ్లీ కబురుపెట్టాడు. తండ్రి ముప్పై తొమ్మిదేళ్లు పంచిన బల్ల, తానూ ఎన్నోసార్లు రొట్టె విరిచిన బల్ల. ఇది తనకు మొదటిసారి జరగడానికి తాను పుట్టి, పరిసయ్యుడిలా బతికిన ఈ ఊరికంటే తగిన చోటు లేదని, దేవుడు ఎంత వివేకవంతుడోనని వెస్లీ దినచర్యలో రాసుకున్నాడు. సవానాలో సోఫీకి తాను అదే బల్ల దగ్గర అదే మాట చెప్పి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. ఆమె ప్రస్తావన మాత్రం అందులో లేదు.